చక్కెర గుర్తు, పుట్టగొడుగు పట్టు

పుట్టగొడుగులు తింటే క్యాన్సర్ తగ్గుతుందా? తొలకరి తర్వాత కోటవురట్ల, నర్సీపట్నం ప్రాంతంలో పుట్టల పక్కన గొడుగులు విచ్చుకునే రోజుల్లోనూ, చలిప్రాంతపు బటన్ పుట్టగొడుగులు ప్లాస్టిక్ డబ్బాల్లో ఏడాది పొడవునా దొరుకుతున్న ఈ రోజుల్లోనూ ఈ ప్రశ్న వినబడుతూనే ఉంది. దీనికి అవునని కానీ కాదని కానీ ఒక్కమాటలో చెప్పడం కుదరదు. ఎందుకంటే ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టగల పదార్థమేదైనా పుట్టగొడుగులో ఉందా అన్నది మొదటిది. పుట్టగొడుగును కూర వండుకుని తింటే ఆ పదార్థం కణితి దాకా వెళ్ళి దాన్ని చంపుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ‘ఉంది’. రెండోదానికి జవాబు ‘లేదు’. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ అధ్యాయంలోని విషయం.

గుర్తుపట్టడం ఎందుకంత ముఖ్యమో క్యాన్సర్ మందుల చరిత్రే చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు తయారయ్యాయి. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. వేగంగా రెట్టింపయ్యే కణాలకు కావలసిన ఫోలిక్ ఆమ్లం పనిని అది అడ్డుకుంటుంది. అయితే వేగంగా రెట్టింపయ్యేవి క్యాన్సర్ కణాలు మాత్రమే కావు. వెంట్రుక కుదురులోని కణాలు, పేగు లోపొర కణాలు, ఎముక మూలుగలోని కణాలు కూడా అలాంటివే. అలాంటి మందులు వాడినప్పుడు జుట్టు ఊడటానికి, నోరు పూయడానికి కారణం ఇదే. ఆ మందుకు చంపడం తెలుసు, ఎవరిని చంపుతున్నదో తెలియదు. పుట్టగొడుగుల్లోని కొన్ని ప్రోటీన్‌ల సంగతి దాదాపు దీనికి తలకిందులు.

కణం తొడుక్కున్న చక్కెర

చక్కెర అనగానే ఈ ప్రాంతంవాళ్ళకు చెరకు తోటలు, అనకాపల్లి బెల్లం గుర్తుకొస్తాయి. చెరకు చక్కెరలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జంటగా ఉంటాయి. పాలలోని చక్కెరలో గ్లూకోజ్‌కు జోడీ గాలక్టోజ్. రసాయనశాస్త్రానికి చక్కెర అంటే ఒక పదార్థం కాదు, ఒక పెద్ద కుటుంబం. ఆ కుటుంబంలో తియ్యగా లేనివాళ్ళూ చాలామంది ఉన్నారు.

మనిషి శరీరంలోని ప్రతి కణమూ ఈ చిన్న చక్కెరలను గొలుసులుగా అల్లి, తన పైపొరలోని ప్రోటీన్‌లకూ కొవ్వులకూ తగిలిస్తుంది. చెరువు గట్టున మొలిచిన దట్టమైన గడ్డిలాగా ఈ గొలుసులు కణాన్ని కప్పేసి ఉంటాయి. బయటినుంచి వచ్చినదేదైనా, సూక్ష్మజీవి కానీ, రోగనిరోధక కణం కానీ, మందు కానీ, ముందుగా తాకేది ఈ చక్కెర గడ్డినే. గొలుసులు అల్లడానికి కణం వాడే చక్కెరలు పదికి అటూ ఇటూ ఉంటాయి. ఆ కొద్దింటితోనే లెక్కలేనన్ని నమూనాలు పుడతాయి. ప్రోటీన్‌లో ముక్కలు పూలదండలోలాగా ఒకదాని వెనక ఒకటి మాత్రమే కూర్చుకుంటాయి. చక్కెర ముక్క అలా కాదు. దానికి అతుకు పెట్టుకునే చోట్లు నాలుగైదు ఉంటాయి. కాబట్టి చక్కెర గొలుసు చింతకొమ్మలాగా ఎటుపడితే అటు పాయలు తీస్తుంది.

ఇక్కడ తేడాలు చాలా చిన్నవి. గ్లూకోజ్‌కూ గాలక్టోజ్‌కూ పరమాణువుల లెక్కలో తేడా లేదు. రెండింటిలోనూ అవే కార్బన్‌లు, అవే ఆక్సిజన్‌లు, అవే హైడ్రోజన్‌లు. నాలుగో కార్బన్ దగ్గర ఉన్న ఒక చిన్న గుంపు, ఆక్సిజన్‌తో హైడ్రోజన్ కలిసినది, ఒకదాంట్లో పక్కకు చాచి ఉంటుంది, రెండోదాంట్లో పైకి లేచి ఉంటుంది. అంతే. తెలుగు లిపిలో ‘ప’కూ ‘వ’కూ ఉన్న తేడా లాంటిది ఇది. తలకట్టు ఒంటికి అతుక్కుందా, విడిగా ఉందా అన్నదాన్నిబట్టి ‘వాడు’ ‘పాడు’ అయిపోతుంది. చదవడం రానివాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కణాల ప్రపంచంలో ఈ అక్షరాలు చదవగలిగినవి కొన్ని ప్రోటీన్‌లు.

చక్కెర అక్షరాలకు అందరికీ తెలిసిన ఉదాహరణ రక్తం గ్రూపు. ఎర్ర రక్తకణం మీది చక్కెర గొలుసు చివర ఏముందన్నదే గ్రూపు. చివర గాలక్టోజ్ ఉంటే ‘బి’. ఆ గాలక్టోజ్‌కే ఒక చిన్న తోక తగిలి ఉంటే ‘ఎ’. రెండూ ఉంటే ‘ఎబి’. ఏదీ లేకుండా గొలుసు ముందే ఆగిపోతే ‘ఓ’. ఆ చివరి చక్కెరను తగిలించడానికి ముందు గొలుసుకు ఉండాల్సిన ఇంకో చక్కెర కూడా లేనివాళ్ళను 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం కనుగొంది. దానికి బాంబే గ్రూపు అన్న పేరే స్థిరపడింది. ఒక చక్కెర ముక్క తేడాకు ఎక్కించిన రక్తం ప్రాణం తీయగలదంటే, శరీరం ఈ అక్షరాలను ఎంత శ్రద్ధగా చదువుతుందో ఊహించవచ్చు.

ఆముదం గింజ, ఉలవ గింజ

చక్కెరను పట్టుకునే ప్రోటీన్‌లను ‘చక్కెరపట్టు ప్రోటీన్‌లు’ అనుకోవచ్చు. శాస్త్రంలో వీటి పేరు లెక్టిన్‌లు. ఎంచుకోవడం అన్న అర్థమున్న లాటిన్ మాటనుంచి 1954లో విలియం బాయిడ్ ఈ పేరు పెట్టాడు. సంగతి మాత్రం అంతకు చాలా ముందే, 1888లో బయటపడింది. ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు నగరంలో పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి ఆముదం గింజల సారాన్ని రక్తంలో కలిపి చూశాడు. ఎర్ర కణాలు ఒకదానికొకటి అంటుకుని గుత్తులు కట్టాయి. ఆ సారంలోని విషానికి రిసిన్ అని పేరు.

రిసిన్ నిర్మాణం తర్వాత చెప్పబోయే కథకు ముందుమాట లాంటిది. అందులో రెండు భాగాలున్నాయి. ఒక భాగం కణం మీది గాలక్టోజ్‌ను పట్టుకుంటుంది. రెండో భాగం లోపలికి దూరి, కణం ప్రోటీన్‌లు తయారుచేసుకునే యంత్రాన్ని పాడుచేస్తుంది. పట్టుకునే చెయ్యి వేరు, పొడిచే చెయ్యి వేరు. మొదటి భాగాన్ని మాత్రమే విడదీసి ఇస్తే కణం చావదు.

లెక్టిన్ కణాలను గుత్తులుగా ఎలా కడుతుంది? ఒక లెక్టిన్‌కు సాధారణంగా రెండు, నాలుగు, అంతకంటే ఎక్కువ చేతులు ఉంటాయి. ఒక చేత్తో ఈ కణం మీది చక్కెరను, ఇంకో చేత్తో పక్క కణం మీది చక్కెరను పట్టుకుంటుంది. కోట్ల చేతులు కోట్ల కణాలను అలా కలిపేస్తే, గాజునాళికలో గుత్తులు కంటికే కనిపిస్తాయి. ఇది రక్తం గడ్డకట్టడం లాంటిది కాదు, దానికి పూర్తిగా వేరే యంత్రాంగం ఉంది.

తెలుగువాళ్ళ వంటింట్లో లెక్టిన్‌లకు కొదవ లేదు. 1951లో పూనాలో పనిచేస్తున్న జార్జ్ బర్డ్ ఉలవల సారం ‘ఎ’ గ్రూపు రక్తాన్ని మాత్రమే గుత్తులు కడుతుందని కనుగొన్నాడు. అందులోనూ ‘ఎ1’ అనే ఉపజాతిని గట్టిగా పట్టుకుని, ‘ఎ2’ను వదిలేస్తుంది. రక్తనిధుల్లో ఈ రెంటినీ వేరుచేయడానికి ఇప్పటికీ వాడేది ఉలవల లెక్టినే. ఉలవచారు రుచి తెలిసిన జిల్లాలన్నింటికీ ఈ సంగతి కూడా తెలిసి ఉంటే బాగుండేది. పొట్ల గింజల్లో, కాకర గింజల్లో గాలక్టోజ్‌ను పట్టుకునే లెక్టిన్‌లున్నాయి. వాటిమీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ముష్టి జె. స్వామి బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. పనస గింజలోని లెక్టిన్ పేరు జాకలిన్. దాని ఆకారం 1996లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో తేలింది. ఆ పనిచేసిన వారిలో ఒకరైన ఆర్. శంకరనారాయణన్ తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీలో శాస్త్రవేత్త అయ్యారు.

లెక్టిన్‌లకూ క్యాన్సర్‌కూ సంబంధం ఒక కల్తీ వల్ల బయటపడింది. 1963లో అమెరికాలో జోసెఫ్ ఆబ్ గోధుమ మొలకల నుంచి తీసిన ఒక ఎంజైమును కణాల మీద ప్రయోగించాడు. క్యాన్సర్ కణాలు గుత్తులు కట్టాయి, మామూలు కణాలు కట్టలేదు. ఆ పని చేసింది ఎంజైమ్ కాదనీ, అందులో కలిసిపోయి వచ్చిన గోధుమ లెక్టిన్ అనీ 1967లో మాక్స్ బర్గర్ తేల్చాడు. క్యాన్సర్ కణం మీది చక్కెర గడ్డి మామూలు కణం మీది గడ్డిలా ఉండదన్న ఆలోచన ఈ పొరపాటు నుంచే బలపడింది.

సగంలో ఆగిన గొలుసు

క్యాన్సర్ కణం మీద మారే చక్కెరల్లో ఎక్కువ పేరున్నది ఒక జంట. గాలక్టోజ్ ఒకటి, తోక తగిలిన గాలక్టోజ్ ఇంకొకటి, రెండూ కలిసినది. దీన్ని టి-గుర్తు అంటారు. పూర్తి పేరులో థామ్సెన్, ఫ్రీడెన్‌రైక్ అనే ఇద్దరి పేర్లు ఉంటాయి. 1920లలో డెన్మార్క్‌లో థామ్సెన్ ఒక చిక్కు గమనించాడు. కొన్ని రక్త నమూనాలు నిలవ ఉంచాక, గ్రూపుతో పనిలేకుండా ఎవరి రక్తరసం కలిపినా గుత్తులు కట్టేస్తున్నాయి. ఫ్రీడెన్‌రైక్ ఆ చిక్కు విప్పాడు. నమూనాలో బాక్టీరియా చేరింది. అది విడుదల చేసిన ఎంజైమ్ చక్కెర గొలుసు కొసన ఉండే సయాలిక్ ఆమ్లం అనే మూత చక్కెరను కొరికేసింది. మూత పోయేసరికి కింద దాగి ఉన్న జంట చక్కెర బయటపడింది. ఆ జంటకు వ్యతిరేకంగా పనిచేసే ప్రతిరక్షకాలు అందరి రక్తంలోనూ ముందునుంచే ఉన్నాయి.

అంటే టి-గుర్తు క్యాన్సర్ కొత్తగా పుట్టించిన వస్తువు కాదు. ఆరోగ్యంగా ఉన్న కణంలోనూ అది ఉంది, గొలుసు అల్లికలో రెండో మెట్టుగా. గుమ్మానికి కట్టిన తోరణంలో ఆకుల కింద దారం ఉన్నట్టే. మామూలు కణం ఆ మెట్టు దాటి ఇంకా చక్కెరలు చేర్చి, చివర మూత పెట్టి పని ముగిస్తుంది. క్యాన్సర్ కణంలో ఈ అల్లిక పని గాడి తప్పుతుంది. చక్కెరలు ఒక్కొక్కటిగా తగిలించే ఎంజైములు కణం లోపల ఒక వరసలో కూర్చుని పనిచేస్తాయి. ఆ వరస చెదిరితే, కొన్ని ఎంజైములు తగ్గి కొన్ని పెరిగితే, గొలుసులు సగంలోనే బయటికి వచ్చేస్తాయి. దారం కనిపించే తోరణాలు గుమ్మానికి వేలాడతాయి. అవయవాల పైపొరల్లో, లోపొరల్లో పుట్టే క్యాన్సర్లలో, అంటే రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్ లాంటి చోట్ల వచ్చేవాటిలో, పదింట తొమ్మిదింటి మీద ఈ గుర్తు కనిపిస్తుందని జార్జ్ స్ప్రింగర్ 1984లో సైన్స్ పత్రికలో రాశాడు. ఆ లెక్క ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

ఈ సగం గొలుసు కణానికి అవమానమే కాదు, ఆయుధం కూడా. మన రక్తంలోనే గాలెక్టిన్-3 అనే సొంత లెక్టిన్ ఉంది. రక్తంలోకి జారిపడిన క్యాన్సర్ కణం మీది టి-గుర్తును అది పట్టుకుంటే, ఆ కణం రక్తనాళం గోడకు అతుక్కోవడం తేలికవుతుంది. కొత్త చోట క్యాన్సర్ పాదుకోవడానికి అది ఒక దారి.

బటన్ పుట్టగొడుగు పట్టు

టి-గుర్తును బాగా పట్టుకునే లెక్టిన్‌లలో ఒకటి ఎక్కడో అడవిలో దొరికే అరుదైన శిలీంధ్రంలోది కాదు. బజారులో అమ్మే తెల్ల బటన్ పుట్టగొడుగులోదే. దాన్ని 1972లో అమెరికాలో ప్రెసాంట్, కార్న్‌ఫెల్డ్ శుద్ధిచేసి, ఎర్ర రక్తకణాల మీద అది దేన్ని పట్టుకుంటోందో వివరించారు. దాని ఆకారం తేలడానికి ఇంకో ముప్ఫై మూడేళ్ళు పట్టింది. ఇటలీ, అర్జెంటీనా శాస్త్రజ్ఞులు 2005లో ఆ లెక్టిన్‌ను స్ఫటికాలుగా పండించి, ఎక్స్‌కిరణాలతో దాని రూపం గీశారు.

ఆ రూపంలో నాలుగు ఒకేరకమైన ముక్కలు కలిసి ఉన్నాయి. ప్రతి ముక్కలోనూ చక్కెర ఇమిడే గూళ్ళు రెండు. రెండు గూళ్ళూ రెండు వేర్వేరు చక్కెరల కోసం. మొదటి గూటిలో టి-గుర్తు కూర్చుంటుంది. రెండో గూటిలో తోక తగిలిన గ్లూకోజ్ కూర్చుంటుంది. టి-గుర్తులోని తోక తగిలిన గాలక్టోజ్‌కూ దీనికీ తేడా నాలుగో కార్బన్ దగ్గరి ఆ చిన్న గుంపు పైకి ఉందా, పక్కకు ఉందా అన్నది మాత్రమే. ఒకే ప్రోటీన్ ఒంట్లో ‘ప’ చదివే కన్ను ఒకటి, ‘వ’ చదివే కన్ను ఒకటి పక్కపక్కన ఉన్నాయన్నమాట. ప్రకృతిలో ఇంత నేర్పు చాలాచోట్ల ఉంది కానీ, ఇంత పొదుపుగా ఒకేచోట అమరడం అరుదు. ఇంకో విచిత్రం, ఈ ప్రోటీన్ మడతలు సముద్రపు జీవి సీ ఎనిమోనీ విషాల మడతలను పోలి ఉంటాయి. ఆ విషాలు కణం పొరలో బెజ్జాలు పొడుస్తాయి. పుట్టగొడుగు లెక్టిన్ మాత్రం ఆ పనిచేయదు.

గూటిలో చక్కెర ఎలా నిలుస్తుంది? చక్కెర ఒంటినిండా ఆక్సిజన్, హైడ్రోజన్ గుంపులే. గూటి గోడల మీద వాటికి ఎదురుగా, సరిగ్గా సరిపడే దూరంలో ప్రోటీన్ గుంపులు ఉంటాయి. ఇటునుంచి హైడ్రోజన్, అటునుంచి ఆక్సిజన్ ఒకదాన్ని ఒకటి లాక్కుంటాయి. ఒక్కొక్క లాగుడూ చాలా బలహీనం. చుట్టూ ఉన్న నీళ్ళు కూడా అదే చక్కెరను అదే పద్ధతిలో లాగుతూ ఉంటాయి. ఒక గూటికి ఒక చక్కెర దొరికినా కాసేపటికే జారిపోతుంది. అయినా లెక్టిన్ పట్టు గట్టిదే. పొలంగట్టున నడిచినవాళ్ళ పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకోవడం చూసినవారికి దీని గుట్టు చెప్పనక్కరలేదు. ఒక గింజను చిటికెలో పీకవచ్చు. పంచె అంచంతా పట్టుకున్నప్పుడు లాగితే బట్టే చిరుగుతుంది. లెక్టిన్‌కు ఎనిమిది గూళ్ళు, వాటిలో టి-గుర్తు కోసం నాలుగు. కణం మీద టి-గుర్తులు కుప్పలుగా ఉన్నాయి. ఒకటి జారేలోపు ఇంకోటి పట్టుకుంటుంది. చెదురుమదురుగా ఒకటీ అరా టి-గుర్తు ఉన్న మామూలు కణం మీద ఈ పట్టు అంతగా నిలవదు. గుర్తుపట్టడం అన్నది చాలావరకు లెక్క మీద ఆధారపడిన వ్యవహారం.

గుర్తుపట్టడం వేరు, చంపడం వేరు

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో లుగాంగ్ యు, జోనాథన్ రోడ్స్ బృందం 1993లో బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌ను ప్రయోగశాలలో పెంచిన పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ కణాల మీద ప్రయోగించింది. కణాలు రెట్టింపు కావడం ఆగింది. కానీ అవి చావలేదు. లెక్టిన్‌ను కడిగేస్తే మళ్ళీ పెరగడం మొదలుపెట్టాయి. మళ్ళీ నీళ్ళు వదిలిన మడిలాగా.

ఎందుకు ఆగిందో 1999లో తెలిసింది. లెక్టిన్ కణం పైన చక్కెరను పట్టుకుని అక్కడే ఉండిపోలేదు. లోపలికి వెళ్ళి, కేంద్రకం గుమ్మం దగ్గర అడ్డుపడింది. కణం రెట్టింపు కావాలంటే కొన్ని ప్రోటీన్‌లు బయటినుంచి కేంద్రకంలోకి పోవాలి. ఆ రాకపోకలనే ఈ లెక్టిన్ నిలిపివేసింది. చంపకుండా ఆపే ఈ గుణం క్యాన్సర్‌కు చాలకపోయినా వేరేచోట పనికొస్తుందని అదే నగరంలోని కంటి పరిశోధకులు గ్రహించారు. కంటిలో నీటి ఒత్తిడి తగ్గించడానికి చేసే శస్త్రచికిత్స తర్వాత, మచ్చ కట్టే కణాలు విపరీతంగా పెరిగి దారి మూసేస్తాయి. ఆ కణాలను చంపకుండా నెమ్మదింపజేయడానికి ఈ లెక్టిన్ పనికొస్తుందేమోనని 2000 తర్వాత గాజుపాత్రల్లో పరీక్షించారు.

ఇప్పుడు వేరుశనగ సంగతి. సీమలో చెనక్కాయలు, తెలంగాణలో పల్లీలు అనే ఈ గింజలోనూ ఒక లెక్టిన్ ఉంది. అదీ టి-గుర్తునే పట్టుకుంటుంది. దాని రూపాన్ని 1994లో బెంగళూరులో ఎం. విజయన్, అవధేశ సురోలియా బృందాలు తేల్చాయి. పట్టుకునే చక్కెర రెంటికీ ఒకటే కాబట్టి ఫలితం కూడా ఒకటే అవుతుందని ఎవరైనా అనుకుంటారు. లివర్‌పూల్‌వాళ్ళ ప్రయోగాల్లో జరిగింది పూర్తిగా ఎదురు. వేరుశనగ లెక్టిన్ కలిపితే పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఇంకా జోరుగా పెరిగాయి. అది చక్కెరను పట్టుకున్న చోటు, కణం పైపొరలోని ఒక ప్రోటీన్, లోపలికి ‘పెరుగు’ అన్న సంకేతం పంపింది. పుట్టగొడుగు లెక్టిన్ లోపలికి వెళ్ళి గుమ్మం మూసింది, వేరుశనగ లెక్టిన్ బయటే ఉండి తలుపు తట్టింది.

ఈ ప్రయోగాల వల్ల వేరుశనగ తింటే క్యాన్సర్ వస్తుందని తేలలేదు. తేలినది ఇది: చక్కెరను గుర్తుపట్టడం ఒక మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఏమవుతుందన్నది లెక్టిన్ ఎన్ని చేతులతో పట్టుకుంది, ఏ ప్రోటీన్ మీద ఉన్న చక్కెరను పట్టుకుంది, లోపలికి పోయిందా లేదా అన్న వాటి మీద ఆధారపడి ఉంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. మూత లేని టి-గుర్తును మాత్రమే వేరుశనగ లెక్టిన్ పడుతుంది. పుట్టగొడుగు లెక్టిన్ సయాలిక్ మూత ఉన్నా పట్టుకోగలదు. పత్రికల్లో ‘క్యాన్సర్‌ను గుర్తించే ప్రోటీన్’ అన్న శీర్షిక చూసి ‘క్యాన్సర్‌ను చంపే ప్రోటీన్’ అని చదువుకునే అలవాటుకు ఈ రెండు లెక్టిన్‌ల కథ చాలినంత మందు.

పొలంలోని ఆవగింజలు

వేరుశనగ రైతులకు మొదలుకుళ్ళు తెగులు బాగా తెలుసు. మొక్క మొదట్లో తెల్లటి బూజు దారాలు అల్లుకుంటాయి. వాటిమీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలు కనిపిస్తాయి. మొక్క వడలిపోతుంది. ఆ బూజు పేరు స్క్లెరోషియం రోల్ఫ్సీ. గొడుగు విప్పకపోయినా, బంధుత్వంలో ఇది పుట్టగొడుగుల వంశానిదే. ఆవగింజల్లాంటి ఆ గుళికల్లో ఒక లెక్టిన్ ఉందని, అది టి-గుర్తును గట్టిగా పట్టుకుంటుందని ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయంలో బాలే ఎం. స్వామి, శశికళా ఇనాందార్ బృందం చూపింది. 2007లో గ్రీసు శాస్త్రజ్ఞులతో కలిసి దాని రూపం కూడా తేల్చారు. చూస్తే బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌కు తోబుట్టువు. ఇక్కడా ఒక ముక్కలో రెండు గూళ్ళు.

పనిలో మాత్రం తోబుట్టువులకు పోలిక లేదు. బటన్ లెక్టిన్ కణాలను ఆపి వదిలేస్తే, ఈ బూజు లెక్టిన్ పెద్దపేగు క్యాన్సర్ కణాలను తమంతట తాము చచ్చిపోయే దారికి నెట్టింది. వేరుశనగ మొక్కను చంపే బూజులో, వేరుశనగ గింజ గుర్తుపట్టే చక్కెరనే గుర్తుపట్టే ప్రోటీన్ ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ చాలా చిత్రమైన యాదృచ్ఛికం.

ఇంతకూ పుట్టగొడుగులకూ బూజులకూ క్యాన్సర్‌తో పనేమిటి? ఏమీ లేదు. వాటి గొడవలు వేరే. పుట్టగొడుగు పరుగెత్తలేదు, ముళ్ళు లేవు, మెత్తగా ఉంటుంది. మట్టిలోని నులిపురుగులు, పురుగుల పిల్లలు దాన్ని తినేస్తాయి. కాప్రినాప్సిస్ అనే పుట్టగొడుగులోని లెక్టిన్ నులిపురుగు పేగులోని చక్కెర గొలుసులను పట్టుకుని దాన్ని చంపుతుందని 2010లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. తినవచ్చిన పురుగు పేగు కోసం తయారైన తాళంచెవి, మనిషి కణితి మీది తాళానికీ సరిపోయిందన్నమాట. స్క్లెరోషియం విషయంలో లెక్టిన్‌కు ఇంటిపని కూడా ఉంది. నిద్రాణంగా ఉన్న గుళిక మళ్ళీ మొలకెత్తడంలో దానికి పాత్ర ఉందని ధార్వాడ్ పరిశోధనలు సూచించాయి.

పళ్ళెంలో, పరీక్షనాళికలో

ఇక రెండో ప్రశ్న. లెక్టిన్ పట్టు దాని మడతల మీద ఆధారపడింది. ఉడికిస్తే చాలా లెక్టిన్‌ల మడతలు విడిపోతాయి. సరిగా ఉడకని రాజ్మా తింటే వాంతులు కావడం, బాగా ఉడికినది తింటే ఏమీ కాకపోవడం ఇందుకే. మిగిలిన ప్రోటీన్‌ను కడుపు, పేగులు ముక్కలు చేస్తాయి. కొన్ని లెక్టిన్‌లు జీర్ణానికి కొంతవరకు తట్టుకునే మాట నిజమే. కానీ ఎక్కడో కాలేయంలోనో రొమ్ములోనో ఉన్న కణితి దాకా, కణాలను ఆపేంత మోతాదులో చేరడం కూరవల్ల అయ్యేపని కాదు. ముత్యపుచిప్ప పుట్టగొడుగు లెక్టిన్ ఎలుకల్లో కణితులను తగ్గించిందని 2000లో వచ్చిన పరిశోధన తరచు ఉదహరిస్తారు. అక్కడ ఎలుకలకు ఇచ్చింది శుద్ధిచేసిన లెక్టిన్, అదీ సూదిద్వారా.

సూదిద్వారా మనుషులకు ఇవ్వవచ్చు కదా అంటే, చిక్కులు అక్కడే మొదలవుతాయి. ఎర్ర కణాలను గుత్తులు కట్టే ప్రోటీన్‌ను రక్తనాళంలోకి ఎక్కించడం ప్రమాదం. అది పరాయి ప్రోటీన్ కాబట్టి శరీరం దానిమీద ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. టి-గుర్తు మామూలు కణాల్లోనూ మూతకింద ఉన్నది కాబట్టి, మూత ఉన్నా పట్టుకునే లెక్టిన్ దారితప్పే అవకాశమూ ఉంది. జపాన్‌లో 1970, 80 దశకాల్లో క్యాన్సర్ చికిత్సకు తోడుగా అనుమతి పొందిన పుట్టగొడుగు మందులు ఉన్న మాట వాస్తవం. కానీ అవి లెక్టిన్‌లు కావు. షిటాకే లాంటి శిలీంధ్రాల నుంచి తీసిన పొడవాటి చక్కెర గొలుసులు. అవి కణితిని గుర్తుపట్టవు, రోగనిరోధక శక్తిని కదిలిస్తాయి. రెంటినీ కలిపేసి పొడులు అమ్మేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు. పుట్టల దగ్గర మొలిచిన తెలియని గొడుగులను మందు పేరుతో తినడం మరీ ప్రమాదం. కొన్ని జాతులు కాలేయాన్ని పూర్తిగా పాడుచేస్తాయి.

గుర్తుపట్టడమే పనైనచోట మాత్రం లెక్టిన్‌లు నిజంగా పనికొస్తున్నాయి. కణితి నుంచి తీసిన సన్నని ముక్కను గాజుపలక మీద పెట్టి, రంగు తగిలించిన లెక్టిన్ పోస్తే, ఎక్కడెక్కడ టి-గుర్తు ఉందో అక్కడ రంగు నిలుస్తుంది. రక్తపరీక్షల్లో క్లోమ క్యాన్సర్ కోసం చూసే సీఏ 19-9 కూడా నిజానికి ఒక చక్కెర గొలుసే. దాన్ని వెదకడానికి ప్రతిరక్షకాలను వాడతారు. ఆ గొలుసు అల్లే జన్యువు పుట్టుకతోనే పనిచేయనివాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళకు క్యాన్సర్ ఉన్నా ఈ పరీక్షలో అంకె పెరగదు.

కాలేయ క్యాన్సర్‌లో లెక్టిన్ పాత్ర ఇంకా సూటిగా ఉంటుంది. ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే ప్రోటీన్ రక్తంలో పెరగడం క్యాన్సర్‌లోనే కాదు, కామెర్లు, సిరోసిస్ లాంటి జబ్బుల్లోనూ ఉంటుంది. క్యాన్సర్ కణం తయారుచేసినదానికి చక్కెర గొలుసు మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర ఒకటి అదనంగా తగిలి ఉంటుంది. ఆ రకాన్ని వేరుచేసి కొలవడానికి మసూర్ పప్పులోని లెక్టిన్ వాడతారు. ఈ పరీక్షకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. మొత్తం ఫీటోప్రోటీన్‌లో మసూర్ లెక్టిన్ పట్టుకున్న భాగం పది శాతం దాటితే, కాలేయాన్ని మరింత నిశితంగా స్కాన్ చేయిస్తారు.

మసూర్ లెక్టిన్‌కు ఒక లోపం ఉంది. అది ఫ్యూకోజ్‌నే కాక పక్కనున్న మానోజ్ అనే చక్కెరనూ పట్టుకుంటుంది. 2012లో జపాన్ పరిశోధకులు ఫోలియోటా స్క్వారోసా అనే పొలుసుల పుట్టగొడుగులో ఇంకో లెక్టిన్ కనుగొన్నారు. గొలుసు మొదట్లో, సరిగ్గా ఆ చోటున ఫ్యూకోజ్ ఉంటేనే అది పట్టుకుంటుంది. గొలుసు చివర ఫ్యూకోజ్ ఉన్నా, మొదట్లో మానోజ్ ఒక్కటే ఉన్నా వదిలేస్తుంది.